బండి పడని మనిషి

ఐసు ట్రే కోసం ఫ్రీజరులో చెయ్యి పెడితే చేతికి ఇనుము తగిలింది. బయటికి తీసి చూసింది. పిల్లల పాత టవలు ముక్కలో పదిలంగా చుట్టిపెట్టిన బేరింగు. "ఏవండీ, ఇదేంటి ఇక్కడ?" అని వంటింటి కిటికీలోంచి అడిగితే షెడ్డులోంచి జవాబొచ్చింది. "ఇదిగో, దాన్ని ముట్టుకోకు. చలికి కాస్త ముడుచుకుంటుంది. అప్పుడు లోపలికి సాఫీగా దిగుతుంది." మరి ఐసు ట్రే ఏమైందంటే, చోటు చాలక బయటపెట్టాడట. సింకులో నీళ్లయి కూర్చుంది. ముడుచుకున్నదేదైనా ఇచ్చిన చోట సాఫీగా ఇముడుతుందన్న సంగతి ఆమెకు కొత్తేమీ కాదు. కాకపోతే ఆమె ముడుచుకున్నప్పుడు ఎవరూ టవల్లో చుట్టలేదు. బేరింగును ఎక్కడిదక్కడ పెట్టి, సింకు తుడిచి, పిల్లలకు మామూలు నీళ్లే ఇచ్చింది.

ఆ ఇంట్లో జీపుకు ముద్దుపేరుంది. బంగారుతల్లి. ఆమెకు కూడా కన్నవాళ్లు పెట్టిన పేరొకటుంది గానీ అతను పిలిచేది మాత్రం "ఇదిగో" అని. పొద్దున లేస్తూనే షెడ్డు తలుపు తీసి "ఏమ్మా బంగారుతల్లీ, నిద్ర పట్టిందా" అని ఇనుముతో మాట్లాడే మగాణ్ణి చూసి మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత తర్వాత ఆ నవ్వు రావడం మానేసింది. పక్కింటావిడ ఒకసారి గోడ మీదుగా తొంగిచూసి "నీ సవతికి ఇవాళ ఏం అలంకారమమ్మా" అంది. సరదాకి అన్నదే. కానీ ఆ మాట ఆమెకు సరిగ్గా తగలాల్సిన చోట తగిలింది. అవును, సవతే. ఒళ్లు మండిపోతోంది. ఎవరితోనైనా చెప్పుకుంటే నవ్వుతారు కాబట్టి చెప్పుకోలేని మంట.

అతను పెద్ద ర్యాలీకి పోతున్నాడు. రెండు వారాలకు పైగా ఇసుకలోనూ రాళ్లలోనూ ఎండిన వాగుల్లోనూ నడిపే ర్యాలీ. ముందు రావడం సంగతి తర్వాత, చివరిదాకా బండి నిలబడితే చాలు గొప్పే. అందుకని ఏడాదిగా బంగారుతల్లికి సేవలు జరుగుతున్నాయి. మొదట బరువు తగ్గించాలన్నాడు. లోపలి తివాచీలు పోయాయి, ఏసీ పోయింది, వెనక సీటు పోయింది. ఆ వెనక సీటులో కిటికీ పక్కన, ఒళ్లో సంచి పెట్టుకుని ఇన్నేళ్లూ కూర్చున్నది ఆమే. దాన్ని ఊడదీసి వసారాలో వేస్తే అత్తగారు ఆక్రమించుకున్నారు. "మెత్తగా బావుందే" అన్నారావిడ. సీటున్న చోట పెద్ద డీజిల్ ట్యాంకు కూర్చుంది. ఇంటివాళ్లు తిరగడానికి ఆమె జీతంతో ఒక పాత కారు కొన్నారు, దాని తాళాలు మాత్రం అతని జేబులోనే ఉంటాయి. తర్వాత బండి బోల్తాపడినా మనిషి నలగకుండా లోపలంతా ఇనప గొట్టాల పంజరం కట్టారు. ఇంజను అడుగున రాయి తగలకుండా మందపాటి రేకు బిగించారు. నీళ్లలో దిగినా ఊపిరాడేలా గాలిగొట్టాన్ని పైకప్పు దాకా లాగారు.

ఊపిరాడేలా అన్నది అతని మాటే. బండికి ఊపిరాడాలి, బండి నడుము గట్టిగా ఉండాలి, బండి ఒంటి మీద దుమ్ము నిలవకూడదు. ఒక సాయంత్రం ఇంజను ఆన్ చేసి, బానెటు మీద చెవి ఆనించి, కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాడు. "ఎక్కడో సన్నగా కీచుమంటోంది. నీకు వినిపించడం లేదా?" అనడిగాడు టార్చి పట్టుకుని నిలబడ్డ ఆమెను. ఆమెకు వినిపించలేదు. మేడ మెట్లెక్కినప్పుడల్లా ఆమె కుడి మోకాలు చేసే చప్పుడు మాత్రం ఆమెకు బాగా వినిపిస్తుంది. ఆరుబయట బట్టలారేసి వస్తూ ఆ చప్పుడు గురించి చెప్పినప్పుడు "వయసు కదా" అన్నాడు. బండిది వాళ్ల పెళ్లిని మించిన వయసు. దానికి ఆ మాట ఎప్పుడూ అనలేదు.

ఇదంతా ఓర్చుకునేదే. గాలి ఫిల్టరు స్పాంజీని తన బట్టల బక్కెట్లో ఉతకమన్నా ఉతికింది, సామాను ఎగిరిపడకుండా కట్టే వలలు తన మిషను మీదే కుట్టమన్నా కుట్టింది, సూది రెండుసార్లు విరిగినా నోరెత్తలేదు. ఓర్చుకోలేనిది ఎడమవైపు సీటు. డ్రైవరు పక్కన కూర్చుని దారి చదివి చెప్పే మనిషి సీటు. ఎందుకంటే ఆ సీటు ఆమెది.

ఆమెదని ఎవరూ రాసివ్వలేదు గానీ మాట ఇచ్చారు. పెళ్లైన ఏడాదే ఈ జీపును పాతదిగా కొన్నారు. ఊరి బయట ఖాళీ మైదానంలో అతనే ఆమెకు నడపడం నేర్పాడు. గేరు మార్చడం ఒక్కరోజులో పట్టేసిందని భుజం తట్టాడు కూడా. లైసెన్సు తీసుకుంది. ఆ రోజుల్లోనే ఒక మిట్ట మీద బండి ఆపి "పిల్లలు పుట్టి, కాస్త పెద్దయ్యాక మనిద్దరం పెద్ద ర్యాలీకి పోదాం. ఒకరోజు నువ్వు నడుపు, నేను దారి చెప్తా. ఒకరోజు నేను నడుపుతా, నువ్వు చెప్పు" అన్నాడు. ఆ మాటను ఆమె నగలా దాచుకుంది. ఆ తర్వాత కొద్దిరోజులకు కొండ దారిలో వెళ్తుంటే ఆమెకు వాంతులయ్యాయి. దారి పొడవునా అయ్యాయి. ఇంటికొచ్చాక అతను తల్లితో "దీనికి బండి పడదమ్మా" అన్నాడు. అంతే. అత్తగారు చుట్టాలతో అన్నారు, చుట్టాలు పిల్లలతో అన్నారు. ఎక్కడికి బయల్దేరినా "అమ్మకి బండి పడదు కదా" అని నిమ్మకాయ, ప్లాస్టిక్ సంచి ఇచ్చి వెనక కూర్చోబెట్టేవాళ్లు. దూరప్రయాణమైతే ఆమెను సామానుతో సహా రైలెక్కించి, మిగతావాళ్లు హాయిగా బండిలో వచ్చేవాళ్లు. ఆ మాట ఎలా పాకిందో ఆఫీసుకు కూడా పాకింది. ఆమెది పంటల బీమా ఆఫీసు. పొలాల్లో తిరిగి నష్టం అంచనా వేసే పోస్టు ఖాళీ అయినప్పుడు పెద్దాఫీసరు "మీకు జీపు ప్రయాణం పడదట కదమ్మా, మీరిక్కడే ఫైళ్లు చూసుకోండి" అని, ఆమె దగ్గర పని నేర్చుకున్న కుర్రదాన్ని పంపాడు. ఆ కుర్రది ఎండకి కమిలి, బూట్ల నిండా మట్టితో, కళ్లు మెరుస్తూ ఆఫీసుకొచ్చిన రోజున ఆమెకు అన్నం సహించలేదు.

ఇప్పుడు ఎడమవైపు సీటుకు అతను వేరే మనిషిని మాట్లాడుకున్నాడు. ర్యాలీ క్లబ్బులో పరిచయమట. దూరంగా వేరే ఊళ్లో ఉంటుంది. రోజూ ఫోను. "ఇసుకలో టైరుకి గాలి ఎంత తగ్గిద్దామంటావ్?" అని అడుగుతాడు. అడుగుతాడు, అదీ విడ్డూరం. అవతలి నుంచి ఏదో అంటుంది, ఇతను పగలబడి నవ్వుతాడు. ఫోటో ఒకటి ఫోనులో ఉంది. తలకు హెల్మెట్టు పెట్టుకుని, నల్ల కళ్లద్దాలతో, మెడ దాకా మాత్రమే కనిపించే ఫోటో. అతను స్నానానికి వెళ్లినప్పుడు ఆమె ఆ ఫోటోను రెండు వేళ్లతో పెద్దది చేసి చూసింది. పళ్లు బావున్నాయి. ఫోను ఎక్కడిదక్కడ పెట్టేసింది. "ఆ అమ్మాయితో అన్ని రోజులా?" అని నోరు జారితే, అతను ఎంతో పెద్దమనసుతో నవ్వి "అసూయా? అది నాకు చెల్లెలి లాంటిది" అన్నాడు. అత్తగారు అందుకుని "మగాడి సరదా. నీకేం తక్కువైంది చెప్పు" అన్నారు. ఏం తక్కువైందో ఆమె చెప్పబోయింది గానీ, అప్పటికే అతను షెడ్డులోకి, ఆవిడ సీరియల్లోకి వెళ్లిపోయారు. అతను ఆ అమ్మాయి పక్కన కూర్చుంటాడని కాదు బాధ. ఆ అమ్మాయి అక్కడ కూర్చుంటుందని. ఈ తేడా ఎవరికి చెబితే అర్థమవుతుంది?

సీటు బిగించే రోజు వచ్చింది. ర్యాలీ సీటు మామూలు సీటులా ముందుకీ వెనక్కీ జరగదు. మనిషిని కూర్చోబెట్టి, కాళ్లు పాదపలక మీద గట్టిగా ఆనేలా కొలిచి, దాని ఇనప కాళ్లను ఆ కొలతకే వెల్డింగు చేయించి నేలకు బోల్టులేస్తారు. కొలత తప్పితే గుంతల్లో మనిషి నడుము ఉండదు. ఆ అమ్మాయేమో ఊళ్లో లేదు. వెల్డరు వచ్చి కూర్చున్నాడు. అతను ఇటూ అటూ చూసి "ఇదిగో, నువ్వు రా. ఇంచుమించు నీ సైజే" అన్నాడు. ఆమె చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది. వెల్డరు "అమ్మా, నడుం పూర్తిగా ఆనించండి. కాళ్లు చాపండి" అన్నాడు. భర్త ఆమె పాదాల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని మడమ దగ్గర్నుంచి మోకాలి దాకా టేపు పెట్టి కొలిచాడు. భుజాల మీదుగా బెల్టులు లాగి "బిగుతుగా ఉందా? ఇక్కడ నొక్కుకుంటోందా?" అని అడిగాడు. ఎన్నేళ్లయిందో ఎక్కడ నొప్పిగా ఉందని అడిగి. ఆ సీటు ఆమె వీపును పట్టుకున్నట్టు ఇంకెవరూ పట్టుకోలేదు. అంతలో "సరే దిగు, ఆవిడకి సరిపోతుంది" అన్నాడు. పక్కింటి పెళ్లికూతురి జాకెట్టుకు తన ఒంటి కొలతలిచ్చి వచ్చినట్టయింది. ఆమె దిగి వెళ్లి పొయ్యి మీద పాలు చూసుకుంది. పొంగిపోయి ఉన్నాయి.

తర్వాత పరీక్షలు మొదలయ్యాయి. ఊరి బయట రాళ్ల క్వారీ, దాని వెనక ఎండిన వాగు. ఎడమవైపు మనిషి బరువు కూడా ఉంటేనే బండి నడక తెలుస్తుందని రెండు ఇసుక బస్తాలు సీట్లో పెట్టి బెల్టు బిగించి తీసుకెళ్లాడు. ఒకటి చిరిగి లోపలంతా ఇసుకయింది. ఆ ఇసుక ఊడ్చింది ఆమే. ఊడుస్తుంటే అతనికి ఆలోచన తట్టింది. "ఆదివారం ఖాళీయేగా నువ్వు. బస్తాల బదులు నువ్వు కూర్చో. వాంతొస్తే ముందే చెప్పు."

బస్తా బదులు మనిషి. రోషమున్న మనిషైతే రానని చెప్పాలి. ఆమెకు రోషం వచ్చింది, అంతకంటే ముందు కోరిక వచ్చింది. వెళ్లి కూర్చుంది. నిమ్మకాయ వెంట పెట్టుకుంది. పాత ర్యాలీ రోడ్‌బుక్ ఒకటి ఆమె ఒళ్లో పడేసి "ఇది ఎగిరిపోకుండా పట్టుకో" అన్నాడు. ఎన్ని మీటర్లకు మలుపు, ఎక్కడ గుంత, ఎక్కడ బండరాయి, అన్నీ చిన్న చిన్న బాణం గుర్తులతో ఉంటాయందులో. ఆ క్వారీలో జరిగిన పోటీదే అది. ఆమె చూస్తూ చూస్తూ "ముందు గుంత. దాటగానే ఎడమకి" అంది. "నువ్వు ఊరికే కూర్చో చాలు" అన్నాడతను. తిన్నగా పోయి రాతిగోడ ముందు ఆగాడు. రివర్సు చేశాడు. రెండోసారి "కుడికి, ఇరుకు దారి, నెమ్మది" అంటే కుడికి తిప్పాడు. ఆమె గొంతు పెరిగింది. బండి గాల్లోకి లేచి నేల మీద పడుతుంటే, దుమ్ములో తల వంచి చదువుతూ, చదివింది చెప్తూ, చెప్పింది జరుగుతూ ఉంటే ఆమెకు ఏడుపొచ్చేంత సంతోషం వేసింది. నిమ్మకాయ ఎక్కడో దొర్లిపోయింది.

ఇంటికొచ్చాక అతను తల్లితో "కొత్త షాకబ్జార్బర్లు అదిరాయమ్మా. దీనికి కూడా వాంతి కాలేదు" అన్నాడు. "అంతా బండి మహిమరా" అన్నారావిడ, వసారాలో పాత వెనక సీటు మీద కూర్చుని. ఆమె పెరట్లో కొళాయి కింద ఫిల్టరు స్పాంజీ పిండుతోంది. పిండుతూ పిండుతూ ఆగిపోయింది. షాకబ్జార్బర్లా? మరి ఆనాటి కొండదారి వాంతులు? వేళ్ల మీద లెక్కేసింది. పెద్దాడు అప్పటికే కడుపులో ఉన్నాడు. ఆ సంగతి ఇంకా ఎవరికీ తెలియదు, ఆమెకే సరిగ్గా తెలియదు. తెలిశాక అందరూ మిఠాయిలు పంచుకున్నారు గానీ, బండి మీద పెట్టిన నేరాన్ని ఎత్తేయాలని ఎవరికీ తోచలేదు. అయ్యో, ఆమెకు కూడా తోచలేదు. ఇన్నేళ్లూ తనే ఆ నిమ్మకాయ పట్టుకుని తిరిగింది. వాళ్ల మీద వచ్చిన కోపం కన్నా తన మీద తనకు వచ్చిన కోపం పెద్దది.

ఆ వారంలో ఒక భోజనాల వేళ ఆఫీసు నుంచి వెళ్లి, గడువు తీరిపోయిన లైసెన్సును మళ్లీ చేయించుకుంది. ఎందుకు చేయించుకుందో ఎవరికీ చెప్పలేదు. అడిగితే తనకూ తెలియదనే చెప్పేది. తర్వాతి ఆదివారాలు కూడా బస్తా బదులు కూర్చుంది. ప్రతి ఆదివారం దిగేటప్పుడు ఆ సీటు అంచు మీద ఓసారి చెయ్యి వేసి దిగేది. వచ్చే మనిషి మీద కుళ్లు మాత్రం రోజురోజుకీ ఊరుతూనే ఉంది. ఆ పళ్లు, ఆ నవ్వు, ఆ హెల్మెట్టు. ఆ అమ్మాయి బండి ఎక్కుతూ జారిపడినట్టు, కాలు బెణికినట్టు, ర్యాలీకి రాలేనని ఫోను చేసినట్టు ఊహించుకునేది. ఊహించుకుని సిగ్గుపడేది, మళ్లీ ఊహించుకునేది.

దారి చెప్పే మనిషి రానే వచ్చింది. ఆమె ఆ పొద్దున తలంటుకుని మంచి బట్టలు కట్టుకుని గుమ్మంలో నిలబడింది. బస్సు దిగి, భుజాన సంచితో, నడిచి వచ్చిందా మనిషి. పొట్టిగా, గుండ్రంగా, నెరిసిన జుట్టు కురచగా కత్తిరించుకుని, ముక్కు మీద మందపాటి కళ్లజోడుతో. అమ్మాయి ఏమిటి, ఆమె కన్నా నాలుగైదేళ్లు పెద్దదే అయ్యుంటుంది. ఫోటోలోది ఒక్క పలువరుసే నిజం. "వదినా, ముందు కాసిని మంచినీళ్లు. తర్వాత మీ ఆయన సంగతి చూస్తా" అంది. ఇన్నాళ్లూ పెంచుకున్న అసూయను ఎక్కడ తగిలించాలో తెలియక ఆమె కాసేపు ఖాళీ చేతులతో నిలబడిపోయింది.

కాసేపే. షెడ్డులో ఆ మనిషి బండి చుట్టూ ఒకసారి తిరిగి "అన్నా, నేను చెప్పినప్పుడు తిప్పాలి. నీ బుర్రకి తోచినప్పుడు తిప్పితే నేను మధ్యలో దిగిపోతా. ముందే చెప్తున్నా" అంది. అతను తల వంచుకుని "సరే సరే" అన్నాడు. రెండుసార్లు. అప్పుడు తెలిసొచ్చింది ఆమెకు, అసూయ ఎక్కడ పెట్టుకోవాలో. అందం మీద కాదు, నవ్వు మీదా కాదు. ఆ సరే మీద. పదిహేడేళ్ల కాపురంలో ఆమె మాటకు అతను ఒక్క సరే కూడా అనలేదని కాదు, అన్నాడు. టీవీ చూస్తూ అన్నాడు.

దారి చెప్పే మనిషి ఎక్కి సీట్లో కూర్చుంది. కాళ్లు గాల్లో ఊగాయి. పాదపలక ఎక్కడో దూరంగా ఉంది. భుజాల మీద ఉండాల్సిన బెల్టులు చెవుల దగ్గరికొచ్చాయి.

"ఇది నాకు చేసింది కాదన్నా. ఎవర్ని కూర్చోబెట్టి కొలిచారు?"

"ఇదిగో, దీన్ని. నీ సైజే కదా" అన్నాడతను ఆమెను చూపిస్తూ.

ఆవిడ కిందికి దిగి, ఆమె పక్కన వచ్చి నిలబడింది. నెరిసిన తల ఆమె భుజం దగ్గర ఆగింది. "వదిన నాకంటే జానెడు పైనే ఉంది. కళ్లజోడు నాకు కదా ఉంది, నీకేమైంది?"

అతను భార్య వైపు చూశాడు. కింద నుంచి పైదాకా, బండిని చూసినట్టు చూశాడు. నేలకీ బండి అడుగుకీ మధ్య ఎంత ఎత్తుందో కంటితో చెప్పగలడు. టైరు అరుగుదల వేలితో చెప్పగలడు. "ఆడవాళ్లు కదా, ఒక అంగుళం అటూ ఇటూ ఉంటారనుకున్నా" అన్నాడు. ఆమెకు కోపం రావాల్సింది, విచిత్రంగా తేలికపడింది. ఇన్నాళ్లూ తనను పక్కన పెట్టాడని కుమిలిపోయింది. పక్కన పెట్టాలన్నా ముందు చూడాలి కదా.

"ఏం పర్లేదు" అన్నాడతను తేరుకుని. "సీటు కాళ్లు కోసేసి, ముందుకి జరిపి, పైకెత్తి మళ్లీ వెల్డు చేయిద్దాం. వెల్డరుకి ఫోను చేస్తా. ఇదిగో, నువ్వు టీ పెట్టు."

ఆమె కదల్లేదు. తర్వాత కదిలింది, వంటింటి వైపు కాదు. పనిముట్ల బల్ల మీద నుంచి పానా తీసుకుంది. ఆ బోల్టులకు ఏ పానా పడుతుందో ఏడాదిగా అందిస్తున్న చేతికి బాగా తెలుసు. బండిలోకి వంగి మొదటి బోల్టు వదులు చేసింది. అతను "ఏం చేస్తున్నావ్?" అన్నాడు. రెండోది వదులు చేసింది. పొట్టి మనిషి కళ్లజోడు పైకి తోసుకుని, అవతలి వైపు నుంచి సీటు పట్టుకుంది. ఇద్దరూ కలిసి దాన్ని బయటికి దించారు.

"దీన్ని కోయొద్దు" అంది ఆమె. "ఇది నా కొలతకు చేసింది. ఆవిడకి ఆవిడనే కూర్చోబెట్టి ఇంకోటి చేయించండి."

"నీకెందుకు సీటు? నీకు బండి పడదు కదా."

"ఆ రోజు కొండ మీద వాంతులు బండి వల్ల కాదు. పెద్దాడు కడుపులో ఉన్నాడు."

వసారాలో అత్తగారి చేతిలో విసనకర్ర ఆగింది. ఆవిడ కాసేపు తనలో తాను ఏదో గొణుక్కుని "అవున్రా, అప్పటికే నెల తప్పింది కదూ" అన్నారు, ఎవరి వైపూ చూడకుండా.

అతను తల్లినీ భార్యనూ మార్చి మార్చి చూశాడు. "సరే, అదంతా తర్వాత మాట్లాడుకుందాం. సీటు లేకుండా మధ్యాహ్నం టెస్టు ఎలా?"

"ఇసుక బస్తాలకి సీటక్కర్లేదు" అందామె.

పొట్టి మనిషి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమె సీటును రెండు చేతులతో ఎత్తుకుంది. బరువుగానే ఉంది, కుడి మోకాలు దాని చప్పుడు అది చేసింది. షెడ్డు దాటి, వసారా దాటి, ఇంటి ముందున్న పాత కారు దగ్గరికి వెళ్లి దించింది. అతను వెనకే వచ్చాడు.

"వెల్డరు వస్తాడుగా, ముందు దీని పని చూస్తాడు" అంది ఆమె. "సోమవారం నుంచి పొలాల మీదికి నన్ను పంపమని మా ఆఫీసులో అడగబోతున్నాను. జీపు లేకపోతే నా కార్లోనే తిరుగుతానని చెప్తాను."

అతను ఆ మాటల్లో తనకు అర్థమైన ఒక్క ముక్కనే పట్టుకున్నాడు. "ఇందులో ఎడమవైపు సీటు బానే ఉందిగా. దాన్నెందుకు మార్చడం?"

"ఇది కుడివైపుకి. ఎడమవైపుది ఉంచండి, మీకు పనికొస్తుంది" అని ఆమె చెయ్యి చాపింది. "తాళాలివ్వండి."